సరిచూసినవారి గడి

బండ, అని అరిచాను. బండ, చూసిన, అని వెనక నుంచి కొండల్ రావు గొంతు వచ్చింది. సైకిలు ముందు చక్రం రాతి అంచు ఎక్కి అవతలికి దిగింది, అరచేతుల్లోంచి భుజాల దాకా ఒక కుదుపు, వీపు మీది జేబులో ప్లాస్టిక్ కవరు చప్పుడు చేసింది. అందులో కాగితం ఉంది. పొద్దున నుంచి ముప్పై కిలోమీటర్లు తొక్కినా ఆ చప్పుడు అలవాటు కాలేదు. ఇంకా ఇరవై ఉంది. ఈ ఇరవైలో చెప్పాలి. మంగళవారం తెల్లారేసరికి ఆయన, వదినగారు, వాళ్ళ కూతురు ఆమని ఇండియా విమానంలో ఉంటారు, కాగితం కంపెనీకి ఇవ్వడానికి సోమవారం సాయంత్రం ఐదు దాకానే గడువు, ఇవాళ శనివారం, ఐర్లండులో ఈ బాలిహూరా కొండల మీద సన్నటి తుంపర పడుతోంది, దేవదారు వేర్లన్నీ నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. వేరు, అన్నాను. వేరు, చూసిన, అన్నాడు.

రెండేళ్ళుగా ముందు ఎప్పుడూ ఆయనే. ఇవాళ కారు పార్కులో టైర్లలో గాలి చూసి, హెల్మెట్ పట్టీ బిగించుకుని, నువ్వు ముందట పో తమ్మీ, అన్నాడు. నాకు అలవాటు లేదన్నా, అంటే, నేను పోయినంక ఎవడు ముందట పోతడు, నీ తాతనా, అన్నాడు. ఈ అరవడం ఆయన పెట్టిన పద్ధతే. ముందున్నవాడు కనపడింది అరవాలి, వెనకున్నవాడు అదే మాట తిరిగి చెప్పి, చూశాను అనాలి. మందుల ప్లాంటులో మేం రోజూ చేసే పనే అది. ట్యాంకు ముందు నిలబడి ఒకరు డయల్ మీద అంకె పైకి చదువుతారు, రెండోవారు తమ కళ్ళతో చూసి అదే అంకె తిరిగి చెబుతారు, అప్పుడు బ్యాచ్ రికార్డులో రెండు పొడి సంతకాలు పడతాయి, చేసినవారి గడిలో ఒకటి, సరిచూసినవారి గడిలో ఒకటి. ఆయనది ఎప్పుడూ మొదటి గడి. నాది రెండోది. ఈ బాట మీద ఐరిష్ కుర్రాళ్ళు మమ్మల్ని దాటిపోతూ నవ్వుతుండేవారు, తెలుగులో బండ, బురద, మలుపు అని ఇద్దరు పెద్ద మగవాళ్ళు అడవి దద్దరిల్లేలా అరుచుకోవడం చూసి. ఇందాక కూడా ఇద్దరు దాటారు. వెల్, లాడ్స్, గ్రాండ్ సాఫ్ట్ డే, అన్నాడు ఒకడు. కొండల్ రావు, గ్రాండ్, గ్రాండ్, అని, వాళ్ళు మలుపు తిరిగాక, తడిసి ముద్దయితున్నం, గీళ్ళకేమో మెత్తటి దినమట, అన్నాడు. నేను నవ్వాను. నవ్వినందుకు సిగ్గేసింది.

ఎక్కుడు మొదలైంది. ఎక్కుడులో అరవడానికి ఏమీ ఉండదు, ఊపిరి తప్ప. చిన్న గేరు, నెమ్మదిగా, కూర్చునే తొక్కాలి, లేచి నిలబడితే వెనక చక్రం గులకరాళ్ళ మీద జారుతుంది, ఇదీ ఆయన నేర్పిందే. సైకిళ్ళు రెండూ ఒక వడ్రంగివి. మేముండే కాలనీలో కిటికీ చట్రాలు బిగించినవాడు. పనులు ఆగిపోయి, మా వీధి చివర పద్నాలుగు ఇళ్ళు కప్పులు లేకుండా మిగిలిపోయినప్పుడు, అతను పెళ్ళాన్నీ పిల్లల్నీ తీసుకుని ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ గరాజు ముందు సామానంతా పరిచి అమ్మాడు. గట్టి మనిషి, ఏడుస్తూ అమ్మాడు. కొండల్ రావు రెండు సైకిళ్ళూ కొని ఒకటి మా గుమ్మంలో పెట్టాడు. నేను అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి సైకిలు తొక్కినవాణ్ణి అన్నా, నాన్న కలాసీ, మధ్యాహ్నం ఆయనకి క్యారియరు తీసుకెళ్ళేవాణ్ణి, నాకు సరదా కోసం సైకిలు తొక్కడం తెలీదు, అన్నాను. గా తొక్కుడు వేరు, గీ తొక్కుడు వేరు, శనివారం పొద్దున ఏడుకు తయారుగుండు, అన్నాడు. ఇప్పుడు ఆయన సైకిలు కూడా మా గుమ్మంలోకే వస్తుంది. పోయేవాళ్ళు సైకిళ్ళు ఇచ్చిపోతారు.

వెనక ఆయన ఊపిరి వినిపిస్తోంది. నలభై నాలుగేళ్ళు. నాలుగు వారాలుగా ఉద్యోగం లేదు. మొన్న వాళ్ళింటికి వెళితే, వంటింట్లో అల్మరాలన్నీ తెరిచి ఉన్నాయి, అట్టపెట్టెల మీద ఆమని మార్కర్‌తో రాస్తోంది, కిచెన్, బుక్స్, డాడ్స్ స్టఫ్. నాన్న పెట్టె చిన్నగా ఉందేమ్మా, అన్నాను. ఇట్స్ గ్రాండ్ అంకుల్, హీ డజంట్ హావ్ మచ్, అంది. తొమ్మిదేళ్ళది. లిమరిక్ యాసలో అంది. కరీంనగర్‌లో ఆ యాసకి ఎవరు జవాబు చెబుతారు. వదినగారు మాగాయ సీసా నా చేతిలో పెట్టి, నా భార్య గురించి, యోగిత మంచిగుందా, తింటుందా, అని అడిగారు. తింటోందండీ, అన్నాను. అంతకు మించి ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణేనా? అడిగినదానికే జవాబు రాయి, అదనంగా రాస్తే మార్కులు పోతాయి, అని పదో తరగతిలో ట్యూషన్ మాస్టారు చెప్పారు. ఆ మాట పట్టుకునే నేను డిగ్రీ పాసయ్యాను, మా ఇంట్లో మొదటివాణ్ణి, ఆ మాట పట్టుకునే ఎమ్మెస్సీ, ఆ మాట పట్టుకునే ఈ దేశం. ఆ మాట పట్టుకునే ఆ గదిలోనూ కూర్చున్నాను.

బురద, అన్నాను. బురద, చూసిన. చక్రం సగం దాకా దిగింది, లాగాను, వచ్చింది.

జులై, బుధవారం. ట్యాంకు గదిలో గోడకున్న ఫోను మోగింది. కొండల్ రావు తీశాడు. గేటు దగ్గర సెక్యూరిటీ నుంచి. ఫోను పెట్టేసి నావైపు తిరిగాడు, మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. యోగిత ఫోన్ చేసిందట, జీపీ డాక్టర్ దగ్గర నుంచి పెద్దాసుపత్రికి పంపిన్రట, నువ్వు పో, గీడ నేను చూసుకుంట. నాలుగు గంటల రీడింగుకి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. రీడింగు అన్నా, అన్నాను. పో, అన్నాడు. ఆ తెల్ల దుస్తులు సగం విప్పి లాకర్ల దగ్గర బెంచీ మీద కూర్చుని ఫోను కలిపాను. యోగిత ఏడవలేదు. కారిడార్‌లో కుర్చీ ఇచ్చారు శశీ, అంది. మంచం ఖాళీ అయితే పిలుస్తారట, అంది. కడుపుతో ఉంది, పదకొండో వారం. ఫోనులో ఎవరిదో ట్రాలీ చక్రం కీచుమంటూ పోయింది, ఇంకెవరో నవ్వారు, ఒక నర్సు వచ్చి, ఆర్ యూ ఆల్‌రైట్ దేర్, పెట్, అంది, యోగిత, ఐ యామ్ ఫైన్, అంది, నాకు మళ్ళీ, నీకు రీడింగు ఉంటుంది కదా, వెళ్ళు, అంది. వెళ్ళలేదు. ఫోను పట్టుకుని కూర్చున్నాను. తర్వాత తను, అయిపోయినట్టుంది శశీ, అంది. లాకర్ల మీది గడియారం నాలుగు చూపిస్తోంది, సరిగ్గా నాలుగు, ఆ ముల్లు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

వేరు. వేరు, చూసిన. ఇంకో వేరు. ఇంకోటి, చూసిన. కళ్ళద్దాల మీద నీళ్ళు.

ఆ తర్వాత చేసింది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తెల్ల దుస్తులు మళ్ళీ వేసుకుని లోపలికి వెళ్ళాను. ఆసుపత్రికి కాదు, లోపలికి. అప్పటికే రెండు షిఫ్టుల్లో మనుషుల్ని తీసేశారు, ఎవరు ఎంతసేపు బయట ఉన్నారో, ఎవరు ముందే వెళ్ళిపోయారో సూపర్వైజర్లు కనిపెడుతున్నారని క్యాంటీన్‌లో అందరూ అనుకునేవాళ్ళు, మా ఇద్దరి వర్క్ పర్మిట్లూ ఆ కంపెనీ పేరు మీదే ఉన్నాయి. షిఫ్టు ఆరింటికి అయిపోతుంది, ఆరున్నరకి అక్కడుంటాను, అని లెక్క వేసుకున్నాను. కొండల్ రావు నన్ను చూసి, ఎందుకొచ్చినవ్, అన్నాడు. షిఫ్టు అయ్యాక పోతానన్నా, అన్నాను. రికార్డు నా ముందు ఉంది. నాలుగు గంటల వరసలో ఆయన పొడి సంతకం, పక్క గడిలో నాది. నేను పెట్టనిది. నా 'ఎస్' కింద తోక ఎడమకి తిరుగుతుంది, ఇది కుడికి తిరిగింది. నేను చూశాను. ఆయన నేను చూడడం చూశాడు. ఐదు గంటల రీడింగు ఆయన పైకి చదివాడు, నేను తిరిగి చెప్పాను, ఆ కింది గడిలో నా చేత్తో నా సంతకం పెట్టాను, పైదానికి ఆనుకుని.

మా పనిలో రాయనిది జరగనట్టే. రాసింది జరిగినట్టే. ఆ కాగితం ప్రకారం ఆ రోజు నాలుగు గంటలకి నేను డయల్ ముందు నిలబడి అరవై రెండు పాయింట్ నాలుగు అన్నాను. లాకర్ల బెంచీ లేదు, ట్రాలీ చక్రం లేదు. పదకొండు వారాలకి ఆసుపత్రివాళ్ళు జననం రాయరు, మరణం రాయరు, ఒక చీటీ మీద యోగిత పేరు, తేదీ, విశ్రాంతి తీసుకోవాలని. ఆ బిడ్డ గురించి ఈ భూమ్మీద ఎక్కడైనా ఒక వరస రాసి ఉండాల్సిన చోటు ఏదైనా ఉందంటే అది ఆ రికార్డులో నాలుగు గంటల గడి, ఖాళీగా. ఖాళీగా ఉన్నా చాలు, ఒక మనిషి ఆ గంటలో ఇక్కడ లేడు, ఇంకెక్కడో ఉండవలసి వచ్చింది అని తెలిసేది. దాన్ని కొండల్ రావు ప్రేమతో నింపేశాడు.

మలుపు! కుడి మలుపు! గట్టిగా అరిచాను, అరవాల్సినదానికంటే గట్టిగా. మలుపు, చూసిన, నా చెవులు మంచిగనే ఉన్నయ్, అన్నాడు.

అడవి దారి దగ్గర ఆగాం. ఇక్కడ గోధుమరంగు బాణం గుర్తున్న బాట పైకి పోతుంది, వెడల్పాటి కంకర దారి నేరుగా కారు పార్కుకి దిగుతుంది. ప్రతిసారీ ఇక్కడే తిరిగిపోయేవాళ్ళం, యాభై ఎప్పుడూ పూర్తి చేయలేదు. ఆయన నీళ్ళు తాగాడు, అరటిపండు తుంచి సగం నాకిచ్చాడు. మోకాలి కింద రక్తం చారిక, ఎప్పుడు పడ్డాడో నాకు తెలియలేదు. పడ్డావా అన్నా, అరవలేదేం, అన్నాను. వెనుకకున్నోడు అరిస్తే ముందటున్నోడు తిరిగి చూస్తడు, తిరిగి చూస్తే వాడు గూడ పడతడు, అన్నాడు. ఇక్కడ చెప్పొచ్చు. ఆగి ఉన్నాం, మొహాలు ఎదురెదురుగా ఉన్నాయి. అన్నా, అన్నాను. ఆయన తొక్క జేబులో పెట్టుకుంటూ, చెప్పు, అన్నాడు. కిందికి పోదామా, అన్నాను. చీ నీ, అని నవ్వాడు. కొస దాకా పోకుంటే నన్ను విమానం ఎక్కనీయరు, పా.

క్వాలిటీ మేనేజరు నన్ను పిలిచింది సెప్టెంబరు మొదటి వారంలో. బల్ల మీద ఆ పేజీ. ఆమె వేలు నాలుగు గంటల గడి మీద. మర్యాదగానే అడిగింది, శశికాంత్, ఇది మీ చేతిరాతేనా? కాదు, అన్నాను. నిజమే చెప్పాను. తర్వాతి ప్రశ్న కోసం ఎదురు చూశాను. మరి అప్పుడు మీరు ఎక్కడున్నారు? ఆ ప్రశ్న వస్తుంది, వస్తే చెబుతాను, వరసగా చెబుతాను, ఫోను, బెంచీ, యోగిత, ఆయన నన్ను పంపడం, అన్నీ నాలుక చివర పెట్టుకుని కూర్చున్నాను. ఆమె కలం మూత పెట్టింది. థాంక్యూ, దట్స్ ఆల్, అంది. తీసేయాల్సిన మనుషుల్లో ఒకరు దొరికారు, ఇంక నేనెక్కడుంటే ఆమెకేం. కుర్చీలోంచి లేచాను. తలుపు దాకా ఆరడుగులు. ఆ ఆరడుగుల్లో వెనక్కి తిరిగి ఒక్క వాక్యం అంటే సరిపోయేది. తలుపు మెల్లగా వేశాను, చప్పుడు కాకుండా, చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న మర్యాద.

రికార్డులో దొంగ సంతకం అని రాసి ఆయన్ని పంపేశారు. ఆ మాట ఉన్న కాగితంతో ఇక్కడేం, హైదరాబాదులో కూడా ఏ మందుల కంపెనీ గేటూ తెరుచుకోదు. ఆ రోజు గేటు బయట బస్టాపులో నాతో, ఎందుకు చేసినవ్ అని అడిగిన్రు తమ్మీ, నా తొందర, నా తప్పు అని చెప్పిన, అంతే, అన్నాడు. నా పేరు ఎత్తలేదు. కాదు అన్నది నేనేనని ఆయనకి తెలుసా? వాళ్ళు చెప్పారా, చేతిరాతలు పోల్చి చూశామన్నారా? ఆయన అడగలేదు. నేను అడగలేదు. బస్సు వచ్చింది, నువ్వెక్కు, అన్నాడు.

ఇది ఆఖరి దిగుడు. చెక్కల దారి. కొండ పక్కనుంచి కిందికి పోయే సన్నటి చెక్క వంతెన, ఒక మనిషి వెడల్పు, తడి చెక్క, మీద జారకుండా కోళ్ళ గూళ్ళకి కట్టే ఇనుప వల బిగించారు, రెండు పక్కలా నల్లటి బురదనేల. ఎదురుగా మబ్బు కింద పొలాలు కనిపిస్తున్నాయి, దూరంగా ఒక కాలనీ, కప్పులు లేని గోడలు. ఇక్కడ ఆగడం కుదరదు, తిరిగి చూడడం కుదరదు, బ్రేకు గట్టిగా పడితే పోతాం. తడి చెక్క, అన్నాను. తడి చెక్క, చూసిన. గాలి చెవుల్లో హోరుమంటోంది. కిందికి దారి వంపు తిరిగే చోట ఇంకో రెండు వందల గజాలు. ఎదురెదురుగా చెప్పలేనివాణ్ణి. వీపు పెట్టి చెప్పగలను. అడిగితే తప్ప చెప్పలేనివాణ్ణి. కానీ ఈ పద్ధతిలో ఎవరూ అడగరు, ముందున్నవాడు చూసింది చూసినట్టు చెప్పాలి, అంతే.

ఖాళీ, అన్నాను, చెక్క విరిగిన చోటు వచ్చింది. ఖాళీ, చూసిన.

ఆ సంతకం నాది కాదని చెప్పింది నేనే.

చక్రాల కింద చెక్కలు దడదడమంటున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెనక నుంచి ఏమీ లేదు. గాలికి వినపడలేదేమో. మళ్ళీ నోరు తెరిచాను.

నాది కాదని చెప్పింది నువ్వే, అన్నాడు కొండల్ రావు. గొంతు పెరగలేదు, తగ్గలేదు, అంకె తిరిగి చెప్పినట్టే చెప్పాడు. విన్న.

అంతే. తర్వాత, ముందట చూడు తమ్మీ, మలుపు, అన్నాడు. అరవాల్సింది నేను. మలుపు, అన్నాను.

కారు పార్కులో గొట్టంతో సైకిళ్ళు కడిగాం. ముందు ఆయన సైకిలు నేను పట్టుకున్నాను, తర్వాత నాది ఆయన పట్టుకున్నాడు. బురద ఎర్రగా పారింది. నీకు ముందే తెలుసా అన్నా, అన్నాను. ఆయన గొలుసు మీద నీళ్ళు కొడుతూ, నీ 'ఎస్' తోక ఎటు తిరుగుతదో నీకు తప్ప ఇంకెవనికి ఎరుక, అన్నాడు. గొట్టం కింద పెట్టి, గా దినం నువ్వు ఆసుపత్రికి పోలే, గది నాకు కోపం, అన్నాడు. గింత కోపం. సంతకం గురించి కాదు. నేను గా గడి నింపింది నువ్వు పోయినవనుకొని. నువ్వు తిరిగొచ్చినవ్.

కవరులోంచి కాగితం తీశాను. అంచులు తడిశాయి, రాత తడవలేదు. జరిగిందంతా వరసగా రాశాను, కంపెనీ పద్ధతిలో, గంటలతో సహా. మూడు యాభై రెండుకి ఫోను. నాలుగు గంటలకి నేను గదిలో లేను. నాలుగు ముప్పై ఒకటికి తిరిగి వచ్చి ఆ సంతకం చూశాను, ఏమీ చెప్పలేదు. కింద రెండు గడులు గీశాను. సోమవారం కంపెనీలో ఇస్తాను, నీ తీసివేత మీద అప్పీలుకి అదే గడువు, నా ఉద్యోగం కూడా పోవచ్చు, పోనీ, నువ్వు చూసినట్టు సంతకం పెట్టన్నా, అని కలం చాపాను. ఆయన చేతులు తుడుచుకుని కాగితం తీసుకుని నిలబడే చదివాడు. రెండుసార్లు చదివాడు. పెదవులు కదిలాయి. కాగితం తిరిగి ఇచ్చాడు, కలం తీసుకోలేదు.

నాలుగు గంటలకు నువ్వు యాడున్నవో నేను చూడలే తమ్మీ. చూడనిదానికి నేను ఇంక సంతకం పెట్ట. చూసినామె ఇంట్ల ఉన్నది.

చూడలేదన్నా, విన్నది, ఫోనులో, అన్నాను.

అయితే విన్నట్టు పెడతది. పో. మొదలు ఆమెకు చదివి వినిపియ్యి.

ఆయన సైకిలు మా కారు వెనక స్టాండుకి తనే కట్టాడు, పట్టీలు రెండుసార్లు లాగి చూశాడు. నేను చేసినవారి గడిలో నా పొడి సంతకం పెట్టాను, కారు బానెట్ మీద, తుంపరలో, తోక ఎడమకి. ఆ గడిలో పెట్టడం నాకు ఇదే మొదటిసారి. పక్క గడి ఖాళీగా ఉంది. ఇంట్లో యోగిత ఈపాటికి అన్నం వండి ఉంటుంది. ఆ రోజు గురించి మేం ఇంతవరకూ మాట్లాడుకోలేదు. నేను తిరిగి లోపలికి వెళ్ళానని తనకి తెలియదు, ట్రాఫిక్ అని చెప్పాను. ఆమె ఎదురుగా కూర్చోవాలి, వీపు పెట్టి కాదు. నాలుగు గంటలు, అని నేను పైకి చదవాలి. నాలుగు గంటలు, అని ఆమె తిరిగి చెప్పాలి.